ఫోన్‌కి టెంపర్డ్ గ్లాస్ నిజంగా అవసరమా? 9హెచ్, 11డి వెనక ఉన్న అసలు లెక్క ఇదీ!

కొత్త ఫోన్ కొన్నాక చాలామంది ముందు చేసే పని గార్డ్ వేయించడం. హైదరాబాద్‌లో జగదీష్ మార్కెట్ అయినా, విజయవాడలో బీసెంట్ రోడ్ అయినా, మీ ఊరి బస్టాండ్ పక్కన రీచార్జ్ షాప్ అయినా అక్కడ వినపడే మాటలు దాదాపు ఒకటే. "అన్నా, ఏది వెయ్యమంటారు? 9హెచ్ ఉంది, 11డి ఉంది, ప్రైవసీ ఉంది, యూవీ ఉంది. కెమెరాకి కూడా వేసేయమంటారా?" రేటు 100 రూపాయల దగ్గర మొదలై వెయ్యి దాటిపోతుంది. మనం ఏదో ఒకటి వేయించుకుని వచ్చేస్తాం.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న కూడా ఇదే. "ఫోన్‌కి ఆల్రెడీ గొరిల్లా గ్లాస్ ఉంది కదా, మళ్లీ దాని మీద ఇంకో గ్లాస్ ఎందుకు?" ముందు నా సమాధానం క్లుప్తంగా చెప్పేస్తాను. ముందు స్క్రీన్‌కి వేసుకోండి, మంచిదే. కెమెరాకి చాలామందికి అక్కర్లేదు. ఫోల్డబుల్ ఫోన్ లోపలి స్క్రీన్‌కి గ్లాస్ గార్డ్ అస్సలు వద్దు. ఎందుకో అర్థం కావాలంటే ఈ పల్చటి గాజు ఎలా పని చేస్తుందో తెలియాలి.

కవర్ గ్లాస్ అంటే ఏమిటి?

కింద ఉన్న సున్నితమైన వస్తువు కనపడాలి, కానీ దానికి ఏమీ తగలకూడదు. ఈ పని కోసం పెట్టే పల్చటి గాజే కవర్ గ్లాస్. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లు దీన్ని చేత్తో పట్టుకునే ఉంటారు. ఉల్లిపొర ఒలిచి స్లైడ్ మీద పెట్టి, గ్లిజరిన్ చుక్క వేసి, గాలి బుడగలు రాకుండా నీడిల్ సాయంతో ఏటవాలుగా దించుతాం చూడండి, ఆ కవర్ స్లిప్ కూడా ఇదే కుటుంబం. కెమెరా సెన్సార్ ముందు ఒక గాజు ఉంటుంది. ఫోన్ డిస్‌ప్లే మీద ఒకటి, వెనక కెమెరాల మీద మరొకటి. మందాలు సుమారుగా ఇలా ఉంటాయి:

- ఫోల్డబుల్ ఫోన్ లోపలి గాజు: 0.03 మి.మీ.
- మైక్రోస్కోప్ కవర్ స్లిప్: 0.17 మి.మీ.
- మామూలు టెంపర్డ్ గ్లాస్ గార్డ్: 0.2 నుంచి 0.4 మి.మీ. ఎక్కువగా దొరికేది 0.33.
- ఫోన్ అసలు కవర్ గ్లాస్: ఎక్కువ మోడళ్లలో 0.5 నుంచి 0.8 మి.మీ.
- కెమెరా సెన్సార్ ముందున్న గాజు, ఫిల్టర్ల దొంతర: బ్రాండ్‌ని బట్టి 1 మి.మీ. లోపు నుంచి 4 మి.మీ. దాకా.

ఇందులో కవర్ స్లిప్ మనకి ఒక మంచి పాఠం చెబుతుంది. కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కనిపిస్తే ఈసారి దాని 40ఎక్స్ లెన్స్ మీద రాసి ఉన్న అంకెలు చూడండి. చాలావాటి మీద 0.17 అని కనిపిస్తుంది. అంటే మధ్యలో సరిగ్గా 0.17 మి.మీ. గాజు ఉంటుందని ముందే లెక్కేసుకుని ఆ లెన్స్‌ని డిజైన్ చేశారన్నమాట. 4ఎక్స్, 10ఎక్స్ దగ్గర తేడా పెద్దగా తెలియదు. పవర్ పెరిగేకొద్దీ గాజు మందం మిల్లీమీటర్‌లో వందో వంతు అటూ ఇటూ అయినా బొమ్మ మసకబారడం మొదలవుతుంది. అందుకే కొన్ని ఖరీదైన లెన్సులకి మందాన్ని బట్టి సరిచేసుకునే తిప్పుడు రింగ్ కూడా ఇస్తారు.

కెమెరాల్లోనూ ఇదే కథ. లైకా ఎమ్ సిరీస్ కెమెరాల్లో సెన్సార్ ముందున్న గాజు చాలా పల్చగా ఉంటుంది, మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరాల్లో సుమారు 4 మి.మీ. ఉంటుంది. ఒక గాజుని దృష్టిలో పెట్టుకుని చేసిన లెన్స్‌ని అడాప్టర్ పెట్టి వేరే కెమెరాకి తగిలిస్తే, ముఖ్యంగా వైడ్ యాంగిల్‌లో, ఫొటో మూలలు అలుక్కుపోయినట్టు వస్తాయి.

దీని నుంచి గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. కాంతి దారిలో మీరు ఏ గాజు పెట్టినా అది లెన్స్‌లో భాగం అయిపోతుంది. కెమెరా గ్లాస్ దగ్గర ఈ మాట మళ్లీ పనికొస్తుంది.

గాజు ఎందుకు అంత తేలిగ్గా పగులుతుంది?

నిజానికి గాజు బలహీనమైన పదార్థం కాదు. దాని అణువుల మధ్య బంధాల లెక్క ప్రకారం చూస్తే ఇప్పుడున్నదానికి దాదాపు వంద రెట్లు బలంగా ఉండాలి. మరి ఎందుకు ఉండదు? 1920లో ఏ.ఏ. గ్రిఫిత్ అనే బ్రిటిష్ ఇంజినీర్ దీనికి సమాధానం చెప్పాడు. గాజు ఉపరితలం మీద కంటికి కనపడని అతి చిన్న పగుళ్లు ఉంటాయి. గాజుని లాగినా, వంచినా ఆ బలమంతా పగులు కొన దగ్గర పోగుపడుతుంది.

బట్టల షాపులో మీరు ఇది చూసే ఉంటారు. కొత్త గుడ్డని రెండు చేతులతో లాగితే ఒక పట్టాన చిరగదు. అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి లాగితే సర్రున చివరిదాకా చిరిగిపోతుంది. గుడ్డ అదే, గాటు వల్ల వచ్చిన తేడా అది. ఫోన్ గ్లాస్ మీద గీత పడటం అంటే ఆ గాటు పెట్టడమే.

"పది సార్లు పడినా ఏం కాలేదు, నిన్న మంచం మీద నుంచి జారితే పగిలిపోయింది" అని చాలామంది ఆశ్చర్యపోతుంటారు. ఆ పది సార్లలోనూ, జేబులో ఇసుకతో రాసుకున్నప్పుడల్లా గాట్లు పడుతూనే ఉన్నాయి. పదకొండోసారి వాటిలో ఒకటి తెరుచుకుంది, అంతే.

గొరిల్లా గ్లాస్‌లో ఉన్న కిటుకు

పగులు పెరగాలంటే దాన్ని ఎవరో ఒకరు పక్కలకి లాగాలి. మరి గాజు పై పొరని ఎప్పుడూ లోపలికి నొక్కి పట్టి ఉంచితే? పగులు తెరుచుకోవడం కష్టం అవుతుంది కదా. ఫోన్ గ్లాస్ తయారీలో చేసేది ఇదే.

సోడియం ఉన్న గాజుని తీసుకెళ్లి, సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గాజు పై పొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి వచ్చేస్తాయి, ఆ ఖాళీల్లోకి పెద్ద పొటాషియం అయాన్లు దూరుతాయి. పల్లెవెలుగు బస్సులో ముగ్గురు కూర్చునే సీట్లో ఒక బక్క మనిషి దిగి, అతని చోట్లో ఒక భారీ మనిషి వచ్చి కూర్చున్నాడు అనుకోండి. అటు కిటికీ వైపు ఉన్నాయన, ఇటు చివర ఉన్నాయన ఇద్దరూ నొక్కుకుపోతారు. గాజు పై పొరలో కూడా అదే జరుగుతుంది. అక్కడ అంతా ఇరుకే, అందుకే పగుళ్లు మూసుకుని ఉంటాయి.

కాకపోతే ఈ నొక్కుడు పొర లోతు కొన్ని పదుల మైక్రాన్లే. దాన్ని దాటి లోపలికి దిగేంత లోతైన గీత పడితే, అక్కడ గాజు లాగుడులో ఉంటుంది కాబట్టి పగులు ఒక్కసారిగా పరుగెత్తుతుంది.

ఈ టెక్నాలజీ స్మార్ట్‌ఫోన్ల కోసం పుట్టింది కాదు. అమెరికాకి చెందిన కార్నింగ్ కంపెనీ 1960ల్లోనే కెమ్‌కోర్ అనే పేరుతో ఇలాంటి బలమైన గాజు చేసింది. పెద్దగా అమ్ముడుపోకపోవడంతో పక్కన పెట్టేసింది. మొదటి ఐఫోన్‌కి ప్లాస్టిక్ స్క్రీన్ బదులు గాజే కావాలని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టి కార్నింగ్ సీఈఓ వెండెల్ వీక్స్‌ని కలవడం, 2007లో ఫోన్ వచ్చే నాటికి కెంటకీ రాష్ట్రంలోని హ్యారడ్స్‌బర్గ్ ప్లాంట్‌లో ఆ గాజు తయారవడం అందరికీ తెలిసిన కథే. ఇప్పుడు జపాన్ కంపెనీ ఏజీసీ చేసే డ్రాగన్‌ట్రెయిల్, జర్మనీ కంపెనీ షాట్ చేసే జెన్సేషన్ కూడా ఇదే పద్ధతిలో గట్టిపడతాయి.

మన దేశంలో ఫోన్ల కవర్ గ్లాస్ ఫినిషింగ్ కోసం కార్నింగ్ తెలంగాణలో ప్లాంట్ పెడుతుందని 2023లో ప్రకటన వచ్చింది. చివరికి భారతీయ కంపెనీ ఆప్టీమస్‌తో కలిసి తమిళనాడులోని పిళ్లైపాక్కంని ఎంచుకుంది.

మరి గీతలు ఎందుకు పడుతున్నాయి?

"గొరిల్లా గ్లాస్ కదా, గీతలు పడకూడదు కదా" అనుకుంటాం. బలం వేరు, గట్టిదనం వేరు. గట్టిదనాన్ని మోహ్స్ స్కేల్ మీద 1 నుంచి 10 దాకా కొలుస్తారు. 10 అంటే వజ్రం. ఫోన్ గ్లాస్ సుమారు 6 దగ్గర ఉంటుంది. మామూలు తాళంచెవులు, నాణేలు దానికంటే మెత్తన, కాబట్టి వాటితో భయం తక్కువ. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ మాత్రం 7. మన రోడ్ల దుమ్ములో, జేబు మూలల్లో, హ్యాండ్‌బ్యాగ్ అడుగున ఉండేది అదే. యూట్యూబ్ స్క్రాచ్ టెస్టుల్లో ఏ ఫోన్ అయినా 6, 7 దగ్గరికి వచ్చేసరికి గీతలు తేలడానికి కారణం ఇదే.

9హెచ్, 11డి: ప్యాకెట్ మీద ఉన్న మాటలు

9హెచ్ అని చూడగానే "వజ్రం 10 కదా, ఇది 9 అంటే నీలం రాయి అంత గట్టిది" అనుకునేవాళ్లు చాలామంది. మోహ్స్ స్కేల్‌కీ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ హెచ్ అంటే పెన్సిల్ హెచ్. డ్రాయింగ్ పెన్సిళ్లలో హెచ్‌బీ, 2హెచ్, 4హెచ్ అని ఉంటాయి చూడండి, అదే. పెయింట్, వార్నిష్ లాంటి పూతలు ఏ పెన్సిల్‌తో గీస్తే గీరుకుపోతాయో చూసే పరీక్ష ఇది. దానిలో చివరి మెట్టు 9హెచ్. పెన్సిల్ ములుకు అంటే గ్రాఫైట్, బంకమట్టి కలిపినది. దానితో మీ ఇంటి కిటికీ అద్దాన్ని కూడా గీరలేం. ఏ గాజు అయినా పాసయ్యే పరీక్ష అది. కాబట్టి 9హెచ్ అని చూసి 100 రూపాయలు ఎక్కువ పెట్టాల్సిన పని లేదు.

ఇక 11డి, 21డి సంగతి. 2డి అంటే చదునైన గాజు, 2.5డి అంటే అంచులు నున్నగా గుండ్రం చేసిన గాజు, 3డి అంటే వంపు ఉన్న గాజు. ఇక్కడిదాకా అర్థం ఉంది. ఆ తర్వాత వచ్చే అంకెలకి ఏ ప్రమాణమూ లేదు, అమ్మకం కోసం పెంచుకుంటూ పోయినవే. 11డి పేరుతో అమ్మేవి ఎక్కువగా నల్ల అంచు ఉండి, మొత్తం జిగురు ఉన్న గార్డులు.

నిజంగా తేడా ఉండేది రెండు చోట్ల. మొదటిది గాజు రకం. చవక గార్డుల్లో సాధారణంగా వాడేది మామూలు సోడా లైమ్ గాజు. ఉప్పులో ముంచినా దానిలో పొటాషియం ఎక్కువ లోతుకి వెళ్లదు. అల్యుమినోసిలికేట్ గాజులో లోతుగా వెళ్తుంది, బలం ఎక్కువ. ప్యాకెట్ మీద ఈ పేరు ఉందా అని చూడండి. రెండోది జిగురు. స్క్రీన్ మొత్తానికీ ఉందా, అంచులకే ఉందా? అంచులకే ఉంటే మధ్యలో గాలి ఉండి టచ్ మందగిస్తుంది, చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది.

గార్డ్ నిజంగా కాపాడుతుందా?

"ఫోన్ కింద పడింది, గార్డ్ పగిలింది, స్క్రీన్ బాగానే ఉంది. గార్డే కాపాడింది" అంటారు. ఈ వాదన పూర్తిగా నిలబడదు. గార్డ్ అసలు గ్లాస్ కంటే పల్చన, బలం కూడా తక్కువ. స్క్రీన్‌కి ఏమీ కాని దెబ్బకి కూడా గార్డ్ పగలొచ్చు.

అయినా నేను వేసుకోమనే చెబుతాను. కారణాలు ఇవి.

మొదటిది, గీతలన్నీ అదే తీసుకుంటుంది. గాట్లు లేని గ్లాస్ రెండేళ్ల తర్వాత కూడా దాదాపు కొత్తదంత బలంగా ఉంటుంది. నా దృష్టిలో గార్డ్ చేసే అసలు మేలు ఇదే. రెండోది, ఫోన్ బోర్లా పడి కంకర రాయి మొన తగిలితే ఆ మొన ముందు గార్డ్‌లో దిగుతుంది. అసలు గ్లాస్‌కి లోతైన గాటు తప్పే అవకాశం ఉంటుంది. మూడోది డబ్బు. ఇప్పటి ఫోన్లలో గ్లాస్, డిస్‌ప్లే రెండూ జిగురుతో అతుక్కుని ఉంటాయి. పైన గ్లాస్ ఒక్కటే పగిలినా సర్వీస్ సెంటర్‌లో సాధారణంగా మొత్తం డిస్‌ప్లే మారుస్తారు. అమోలెడ్ ఫోన్లకి ఆ బిల్లు వేలల్లో ఉంటుంది. దాని ముందు 200 రూపాయల గార్డ్ పెద్ద ఖర్చు కాదు.

గార్డ్ చేయలేనిది కూడా ఒకటుంది. ఫోన్ మూల మీద పడితే దెబ్బ ఫ్రేమ్ నుంచి నేరుగా గ్లాస్ అంచుకి వెళ్తుంది. అక్కడ గార్డ్ ఉన్నా లేనట్టే. ఆ దెబ్బని ఆపేది స్క్రీన్ కంటే కొంచెం పైకి లేచిన అంచులు, మెత్తటి మూలలు ఉన్న కేస్. ఒక్కటే కొనే బడ్జెట్ ఉంటే ముందు మంచి కేస్ కొనండి.

గార్డ్ వేశాక చేయాల్సిన పనులు రెండున్నాయి. టచ్ మందంగా అనిపిస్తే సెట్టింగ్స్‌లో టచ్ సెన్సిటివిటీ ఆప్షన్ ఉందేమో చూసి ఆన్ చేయండి. ఫింగర్‌ప్రింట్‌ని పాతది తీసేసి మళ్లీ కొత్తగా రిజిస్టర్ చేయండి. ఆప్టికల్ సెన్సార్ కాంతితో పని చేస్తుంది కాబట్టి పెద్దగా ఇబ్బంది ఉండదు. అల్ట్రాసోనిక్ సెన్సార్‌కి మాత్రం గార్డ్‌కీ స్క్రీన్‌కీ మధ్య గాలి ఉంటే శబ్ద తరంగాలు దాటవు. అలాంటి ఫోన్లకి ఆ మోడల్ కోసమే చేసిన గార్డ్ తీసుకోండి.

కెమెరా గ్లాస్: ఇక్కడ నా సలహా వేరు

స్క్రీన్ గార్డ్ గుండా మీరు చూస్తారు, కెమెరా గ్లాస్ గుండా మీ ఫోన్ చూస్తుంది. ఈ రెండూ ఒకటి కాదు. కోటింగ్ లేని గాజు ప్రతి ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. రెండు వైపులా కలిపితే దాదాపు 8 శాతం. పగలు ఇది తెలియదు. రాత్రి వీధి లైటు, పెళ్లి మండపం సీరియల్ సెట్లు, బండి హెడ్‌లైటు ఫ్రేమ్‌లోకి వస్తే ఆ కాంతి గార్డ్‌కీ అసలు లెన్స్ గ్లాస్‌కీ మధ్య అటూ ఇటూ కొట్టుకుని ఫొటోలో దెయ్యపు చుక్కల్లా, పొగమంచులా కనిపిస్తుంది. ఒకే గాజుతో ఫ్లాష్‌ని కూడా కప్పేసే గార్డ్ అయితే ఇంకా ఘోరం. ఫ్లాష్ వెలుగు గాజు లోపల నుంచే పక్కకి పాకి లెన్స్‌లోకి వచ్చేస్తుంది.

పైగా కెమెరాల మీద ఉండే అసలు గాజు చిన్నది. చిన్న గాజు తేలిగ్గా వంగదు, అందుకే పెద్ద స్క్రీన్ అంత తొందరగా పగలదు. కొన్ని ఫోన్లలో ఇంకా గట్టి పదార్థం వాడతారు. ఐఫోన్ 5 నుంచే ఆపిల్ కెమెరా మీద సఫైర్ వాడుతోంది. వేల రూపాయలు కెమెరా కోసం ఎక్కువ పెట్టి ఫోన్ కొని, దాని ముందు 50 రూపాయల గాజు అతికించడం నాకైతే నచ్చదు. కెమెరా ఉబ్బు కంటే ఎత్తుగా అంచు ఉన్న కేస్ చాలు. ఇప్పటికే గార్డ్ ఉంటే రాత్రి ఒక వీధి లైటుని గార్డ్‌తో ఒకటి, తీసేసి ఒకటి ఫొటో తీసి చూడండి. మీకే తెలిసిపోతుంది.

ఫోల్డబుల్, యూవీ విషయంలో జాగ్రత్త

2020లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ జెడ్ ఫ్లిప్‌లో గాజు మందం 30 మైక్రాన్లు, అంటే కవర్ స్లిప్‌లో ఆరో వంతు కంటే కొంచెం ఎక్కువ. అంత పల్చన కాబట్టే అది మడతపడుతుంది. దాని మీద కంపెనీయే ఒక ప్లాస్టిక్ ఫిల్మ్ వేసి ఇస్తుంది. స్క్రీన్ గార్డ్ అనుకుని దాన్ని పీకకండి. అంచు లేస్తే సర్వీస్ సెంటర్‌లోనే మార్పించండి. దాని మీద మామూలు టెంపర్డ్ గ్లాస్ వేయడం అనే మాటే లేదు, అది మడతపడదు.

యూవీ గార్డ్ అంటే ద్రవ జిగురు పోసి, యూవీ లైటుతో గట్టిపరిచేది. వంపు డిస్‌ప్లేలకి బాగా అతుకుతుంది. కానీ పోసేటప్పుడు ఆ జిగురు ఇయర్‌పీస్‌లోకి, మైక్‌లోకి, బటన్ల సందుల్లోకి దిగితే అక్కడే గట్టిపడిపోతుంది. రిపేర్ కష్టం, వారంటీలో కూడా ఇబ్బంది పెట్టొచ్చు. వంపు స్క్రీన్ ఉన్నవాళ్లు మెత్తటి టీపీయూ ఫిల్మ్ తీసుకోవడం మేలు. పగలకుండా ఆపకపోయినా గీతలు ఆపుతుంది.

కొనేముందు ఒక్కసారి చూసుకోండి

- 9హెచ్, 11డి అంకెలు పట్టించుకోకండి. అల్యుమినోసిలికేట్ గాజు, పూర్తి జిగురు ఉందా అడగండి.
- చదును స్క్రీన్‌కి 150 నుంచి 400 రూపాయల మధ్య మంచి గార్డ్ సరిపోతుంది. ఆపైన పెట్టే డబ్బు కేస్ మీద పెట్టండి.
- గార్డ్ మీద ఒక చుక్క నీరు వేయండి. గుండ్రంగా పూసలా నిలిస్తే వేలిముద్రలు అంటని పూత బాగుందని అర్థం. పరుచుకుపోతే లేదనో, అరిగిపోయిందనో అర్థం.
- శానిటైజర్‌తో రోజూ తుడిస్తే ఆ పూత తొందరగా పోతుంది. మెత్తటి గుడ్డని కొంచెం తడి చేసి తుడిస్తే చాలు.
- ప్రైవసీ గ్లాస్ వేస్తే బ్రైట్‌నెస్ తగ్గుతుంది. ఎండలో ఎక్కువ తిరిగేవాళ్లు ఆలోచించుకోండి.
- పగిలిన గార్డ్‌ని "ఇంకా పని చేస్తోందిలే" అని ఉంచుకోకండి. పగుళ్లలో ఇసుక చేరుతుంది, వేళ్లు కోసుకుంటాయి.
- వేయించేటప్పుడు షాపతను స్క్రీన్‌ని పూర్తిగా తుడిచాడా చూడండి. గార్డ్ కింద ఒక్క ఇసుక రేణువు ఉండిపోయినా, నొక్కిన ప్రతిసారీ అది అసలు గ్లాస్‌నే గీరుతుంది.